సమ్మర్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ అని డబ్బు కట్టించుకుంటున్నారు, జాగ్రత్త

పర్యావరణ శాస్త్రం చదువుతూ వేసవి ఇంటర్న్‌షిప్ కోసం చూస్తున్నవాళ్లు కట్టే ముందు ఇది చదవండి. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, మాట కాస్త ముందూ వెనకా అయితే ఏమీ అనుకోకండి.

చెరువు నీటి నాణ్యత మీద రీసెర్చ్, ఫీల్డ్ వర్క్, ల్యాబ్, చివర్లో పేపర్‌లో మీ పేరు అనే ఆ ప్రకటన మీలో చాలామంది చూసే ఉంటారు. రిజిస్ట్రేషన్ అని ఒకసారి, ల్యాబ్ ఫీజు అని ఇంకోసారి కట్టించుకున్నారు.

ఫీల్డ్‌కి తీసుకెళ్లారు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవాలంటే, మీటర్ లేనప్పుడు, శాంపిల్ తీసిన చోటే మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ అనే రసాయనాలు కలిపి ఫిక్స్ చేయాలి, అంటే ఆ ఆక్సిజన్ ల్యాబ్‌కి చేరేలోపు మారకుండా పట్టి ఉంచాలి. సీసాలో గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. మా చేతికిచ్చినవి ఎవరో తాగేసిన మంచినీళ్ల సీసాలు. మీటరూ లేదు, రసాయనాలూ లేవు, ఐస్ బాక్సూ లేదు. ఆ సీసాలు సాయంత్రం దాకా కారు డిక్కీలో ఉడికాయి. ఇదేంటండీ అంటే, "ల్యాబ్‌లో చూసుకుంటారులే" అన్నారు.

మర్నాడే రిజల్ట్స్ షీట్ వచ్చేసింది. అందులో బీఓడీ విలువలు కూడా ఉన్నాయి! అంటే నీళ్లలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే లెక్క. ఆ పరీక్షకు శాంపిల్‌ని 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చీకట్లో 5 రోజులు ఉంచాలి. మర్నాటికల్లా ఎలా వచ్చింది సార్ అని మా గైడ్‌ని మర్యాదగానే అడిగాను. ఆయన ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా, "పోయినేడాది షీటే అమ్మా, తేదీ మార్చాం. నీకు సర్టిఫికెట్ కావాలా, ఈ ప్రశ్నలు కావాలా?" అన్నారు. అందరి ముందూ! పక్కనున్నవాళ్లు తలలు దించుకుని అవే అంకెలు రిపోర్టులో ఎక్కించుకుంటున్నారు. ఆ మాట ఇంకా చెవుల్లో గింగురుమంటోంది.

డబ్బు పోయిన బాధ ఉంది. కానీ ఆ చెరువు నీళ్లు వాడుకునే మనుషులున్నారు కదా. రేపు ఎవరైనా ఆ రిపోర్టు చూసి నీళ్లు బాగానే ఉన్నాయనుకుంటే? ఆ షీటు మీద నా పేరు ఉండకూడదని రాసిచ్చి వచ్చేశాను. డబ్బు వెనక్కి అడిగితే నా నంబర్ బ్లాక్ చేశారు.

ఎవరైనా చేరాలనుకుంటే ముందు ల్యాబ్ కళ్లారా చూడండి, గైడ్ ఎక్కడ పనిచేస్తారో కనుక్కోండి, అంతకుముందు చేసినవాళ్లతో మాట్లాడండి. ఇప్పటికే కట్టినవాళ్లు రసీదులు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచి ఉంచండి. కలిసి ఫిర్యాదు చేద్దామంటే నాకు మెసేజ్ పెట్టండి, నా దగ్గరున్నవన్నీ పంపిస్తాను.