గ్రిలికెస్ వీకెండ్ కోర్సు: మొదటి సగానికి ఫుల్ మార్కులు, రెండో సగానికి అత్తెసరు

బెంగళూరు విజయనగర్‌లో సివిల్స్‌కి ఎకనామిక్స్ ఆప్షనల్ చెప్పే ఒక కోచింగ్ సెంటర్ (పేరు వద్దులెండి) ఉత్పాదకత (పెట్టిన శ్రమకీ పెట్టుబడికీ ఎంత ఉత్పత్తి వస్తుందన్నది) కొలతల మీద విడిగా వీకెండ్ కోర్సు పెట్టింది, మన తెలుగువాళ్ళు బాగానే చేరుతున్నారు కాబట్టి రాస్తున్నా. సూత్రాలు బోర్డు మీద దించేసి పోయే రకం కాదు, కోర్సు మొత్తాన్నీ జ్వీ గ్రిలికెస్ అనే ఒక్క ఆర్థికవేత్త కెరీర్ వెంట నడిపించారు. ఐడియా సూపర్.

మొదటి సగం నిజంగా బాగుంది. 1930లో లిథువేనియాలోని కౌనాస్‌లో పుట్టి, నాజీ క్యాంపుల్లోంచి ప్రాణాలతో బయటపడి, బర్కిలీలో వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదివి, షికాగోలో హైబ్రిడ్ మొక్కజొన్న మీద పీహెచ్‌డీ చేశాడాయన. 1957లో అచ్చయిన ఆ పేపర్‌ని సారు చెబుతుంటే క్లాసులో ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు. అయోవా రైతులు కొత్త విత్తనాన్ని చకచకా అందుకుంటే అలబామాలో ఎందుకంత ఆలస్యం? రైతు మొండివాడని తేల్చేయకుండా గ్రిలికెస్ డబ్బు లెక్క చూశాడు. హైబ్రిడ్‌ని ఏ ప్రాంతానికి తగ్గట్టు ఆ ప్రాంతానికి విడిగా తయారు చేయాలి, గిరాకీ ఎక్కువున్న చోటికే విత్తన కంపెనీలు ముందు వెళ్తాయి, వచ్చాక కూడా ఎకరానికి ఎంత మిగులుతుందో చూసుకునే రైతు మారతాడు. గుంటూరు పత్తి రైతుల ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ పరిశోధన మీద పెట్టిన ఖర్చుకి సమాజానికి ఏడాదికి కనీసం 700 శాతం రాబడి అని 1958లో ఆయన వేసిన లెక్కనీ గుడ్డిగా నమ్మమనలేదు, గెలిచిన విత్తనాన్నే ఏరి లెక్కేస్తే అంకె అలాగే వస్తుందన్నారు సారు.

1961 నాటి కార్ల ధరల పేపర్‌కి మన అద్దెలే ఉదాహరణ. టూ బీహెచ్‌కే అద్దె పెరిగిందంటే ఓనర్ ఊరికే పెంచాడా, లేక లిఫ్టు, పార్కింగ్, ట్యాంకర్ బదులు కావేరి నీళ్ళు వచ్చాయా? రిగ్రెషన్‌తో (ధరలో ఏ అంశం వాటా ఎంతో విడదీసే గణాంక పద్ధతి) ఒక్కోదాని వాటా తీసేస్తే మిగిలేదే అసలు పెరుగుదల. గ్రిలికెస్ హార్స్‌పవర్, బరువు, పొడవుతో చేసింది ఇదే.

ఇక 1967 పేపర్ దగ్గర బండి పట్టాలు తప్పింది. అమెరికాలో 1909-49 మధ్య గంట పనికి పెరిగిన ఉత్పత్తిలో ఎనిమిదింట ఏడు వంతులు సాంకేతిక మార్పు వల్లేనని రాబర్ట్ సోలో అనే ఆర్థికవేత్త అంటే, శ్రమనీ పెట్టుబడినీ సరిగ్గా కొలిస్తే ఆ మిగులు (శ్రమ, పెట్టుబడి లెక్కకి అందని వాటా) దాదాపు మాయమవుతుందని మరో ఆర్థికవేత్త డేల్ జార్గెన్సన్‌తో కలిసి గ్రిలికెస్ వాదించాడు. ఎడ్వర్డ్ డెనిసన్ అనే ఇంకో ఆర్థికవేత్త దాన్ని తూర్పారబట్టాడు, వీళ్ళు కొంత వెనక్కి తగ్గారు కూడా. అసలు మజా ఈ గొడవలోనే ఉంది, దాన్ని ఒకే స్లైడ్‌లో చుట్టేశారు! హార్వర్డ్ రోజుల్లో ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి), పేటెంట్ల మీద చేసిన పనికి అరగంట. అమెరికా వినియోగదారుల ధరల సూచీ ఏడాదికి 1.1 శాతం పాయింట్లు ఎక్కువ చూపిస్తోందని 1996లో చెప్పిన బాస్కిన్ కమిషన్‌లో ఆయనా సభ్యుడే, ఆ ఊసే లేదు. సేవారంగం ఉత్పత్తిని కొలవడమే కష్టమన్న ఆయన గోడు ఐటీ జనంతో నిండిన ఈ ఊళ్ళో చెప్పకపోతే ఎక్కడ చెబుతారండీ?

నోట్స్ జిరాక్స్ మసకగా ఉంది, ఏసీ ఉంది కానీ వేయరు. ఫీజు మాత్రం కాస్త ఎక్కువే, రికార్డింగ్ ఇవ్వరు. రిగ్రెషన్ ముందే వచ్చినవాళ్ళు చేరొచ్చు, రానివాళ్ళు డెమోకి వెళ్ళి 1967 పేపర్‌కి ఎన్ని గంటలు ఇస్తారో అడిగాకే డబ్బు కట్టండి.