ఒక ఫోను, రెండు జతల చెవులు: ఇయర్‌ఫోన్ స్ప్లిటర్‌తో నాలుగేళ్లు

నాన్నకి వారానికి మూడు రోజులు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళాలు), సూదులు గుచ్చి ఉంటాయి కాబట్టి కదపకూడదు. కుడి చేతికి బీపీ పట్టీ, అరగంటకోసారి దానంతటదే బిగుసుకుంటుంది. ఇక ఆయన ఫోన్ పట్టుకుని పాట మార్చుకునేదెలా? వార్డులో స్పీకర్ పెడితే పక్కవాళ్లకి ఇబ్బంది. అందుకే నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని పాటలు పెడతాను.

మొదట్లో ఒకటే ఇయర్‌ఫోన్స్ చెరో చెవిలో పెట్టుకునేవాళ్లం. ఘంటసాల పాత పాటలతో ఏ గొడవా లేదు, మోనో రికార్డింగులు కదా, రెండు చెవుల్లోనూ ఒకటే వస్తుంది. ఇళయరాజా దగ్గరికొచ్చేసరికి తేడా తెలిసింది. నాన్న కళ్లు మూసుకుని "ఆ వేణువు విన్నావా" అన్నారు. నా చెవిలో వేణువు లేదు, వయొలిన్లు ఉన్నాయి. (ఫోన్ సెట్టింగుల్లో మోనో ఆడియో అని ఒకటుంటుంది, అది ఆన్ చేస్తే రెండూ కలిసి వస్తాయి. నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) ఆ సాయంత్రమే స్ప్లిటర్, అంటే ఒకే ఫోన్‌కి రెండు జతల ఇయర్‌ఫోన్స్ తగిలించే పిన్ను, కొనడానికి వెళ్లాను.

కొనేవాళ్లకి ఒక మాట. రెండు రంధ్రాలున్న పిన్ను కనిపించగానే తీసుకోకండి. అచ్చం ఇలాగే ఉండే ఇంకో రకం ఉంది. అది మైకునీ శబ్దాన్నీ విడదీయడానికి, కంప్యూటర్ వాళ్లు వాడేది. ఒక రంధ్రం దగ్గర చిన్న మైకు బొమ్మ ఉంటుంది. నేను తెచ్చిన మొదటిది అదే. నాన్నకి పాట వస్తోంది, నాకు చీమ చిటుక్కుమన్న శబ్దం కూడా లేదు. మనకి కావలసిన దానికి రెండు వైపులా హెడ్‌ఫోన్ బొమ్మే ఉండాలి. రెండోది సరైనదే కానీ రెండు నెలల్లో పిన్ను మెడ దగ్గర వైరు తెగింది. ఇప్పుడు వాడుతున్నది మూడోది. నూలు అల్లిన వైరు, ఒక్కో వైపు ఒక చిన్న వాల్యూమ్ చక్రం. నాలుగేళ్లుగా నడుస్తోంది.

ఆ చక్రం ఉన్నదే కొనండి. నాన్నకి వినికిడి కాస్త తగ్గింది. ఆయనకి సరిపడా పెడితే నాకు చెవులు గింగురుమనేవి. ఇప్పుడు ఫోన్‌లో సౌండ్ ఆయన లెక్కన పెట్టి, నా వైపు చక్రం తగ్గించుకుంటాను. రెండు ఇయర్‌ఫోన్స్ ఒకే మోడల్ అయితే ఇంకా మంచిది, వేర్వేరు రకాలైతే ఒకదాంట్లో గట్టిగా, ఇంకోదాంట్లో నీరసంగా వస్తుంది. చాలా కొత్త ఫోన్లలో పిన్ను రంధ్రం ఉండదు కదా, దానికి టైప్-సి కన్వర్టర్ ఒకటి అదనం. బ్లూటూత్‌లో రెండు జతలు కలిపే సౌకర్యం మా తమ్ముడి ఫోన్‌లో ఉంటే అదీ వాడి చూశాం. ఆయనకీ నాకూ పాట రవ్వంత వెనకాముందయింది. తాళం వేస్తే కలవలేదు. వైరులో ఆ బాధ లేదు, చార్జింగ్ టెన్షనూ లేదు.

ఆస్పత్రి అనగానే బంధువులంతా వాట్సాప్‌లో భక్తి పాటల లింకులు పంపిస్తారు. ప్రేమతోనే పంపిస్తారు. నాన్న వాటికి దండం పెట్టి ఊరుకుంటారు. అవే పాటలు నేను కూడా వింటానంటే మాత్రం పెట్టమంటారు. నాలుగేళ్లలో నేను గమనించింది ఇదే, ఆయనకి పాట కన్నా ముందు పక్కన వినేవాళ్లు కావాలి.

ఒకరోజు ఆఖరి గంటలో పిక్కలు పట్టేశాయి. ఒంట్లో నీరు తీసేటప్పుడు అలా అవుతుంటుంది. సిస్టర్ వచ్చి చూసి, మెషీన్ సరిచేసి వెళ్లింది. నాన్న పళ్లు బిగబట్టి ఉన్నారు. నేను ఘంటసాల పాడిన 'పుష్పవిలాపం' పెట్టాను. రాసిన కరుణశ్రీ మా గుంటూరు ఏసీ కాలేజీలో తెలుగు చెప్పిన మనిషి, నాన్నకి అదో గర్వం. పద్యానికీ పద్యానికీ మధ్య ఘంటసాల మామూలుగా మాట్లాడతాడే, అక్కడ నాన్న పెదవులు కదలడం మొదలైంది. పద్యం రాగానే ఆగిపోయాయి. పద్యం పాడరు, మాటలు మాత్రం ఆయనతో పాటు చెబుతారు. అప్పుడే బీపీ పట్టీ బిగుసుకుంది. ఆ చేతి వేళ్లు మంచం ఇనుప ఊచ మీద ఉన్నాయి, అలాగే ఉండిపోయాయి. నేను అటు చూడకుండా ఎదుటి గోడ వైపు చూస్తూ విన్నాను. ఎదురెదురుగా చూసుకుంటే ఇద్దరం ఏడ్చేసేవాళ్లం. ఒకే వైరు మీద ఉన్నాం, అది చాలనిపించింది.

లోపాలు ఉన్నాయి. ఏడాది నుంచి నాన్న వైపు చక్రం తిప్పితే గరగరమంటోంది, దుమ్ము చేరినట్టుంది. సిస్టర్లు తిరిగేటప్పుడు వైరు అడ్డం పడుతుంది, అందుకని దిండు కింద నుంచి తీసి దుప్పటి అంచుకి పిన్నీసు పెడతాను. మెషీన్ అలారం వినపడాలి కాబట్టి నేను ఒక చెవి ఖాళీగా ఉంచుకుంటాను. మీరు కూడా అలాగే చేయండి.

పోయిన నెల పక్క బెడ్డు పెద్దాయన "ఏం వింటున్నారమ్మా?" అని అడిగారు. బ్యాగులో చక్రం లేని స్ప్లిటర్ ఇంకొకటి ఉంటే దీనికి తగిలించాను. మూడో జత కలిపేసరికి సౌండ్ తగ్గింది, ఫోన్‌లో రెండు గీతలు పెంచాల్సి వచ్చింది. ఆయన ఒక పాట అడిగారు. నాన్న చిన్నప్పుడు ఆకాశవాణిలో కోరిన పాటలు వేసే జనరంజనికి కార్డులు రాసి, తన పేరు చదువుతారని రేడియో దగ్గర కాచుకుని కూర్చునేవారట. నేను పాట వెతుకుతుంటే ఆగమని కళ్లతో సైగ చేసి, గొంతు సవరించుకుని, "ఈ పాట కోరినవారు, ఏడో నంబరు బెడ్డు నుంచి..." అని ఆ పెద్దాయన పేరు, ఊరు పేరు, ఇంట్లోవాళ్లందరి పేర్లు అడిగి మరీ చెప్పారు. అప్పుడు ప్లే నొక్కాను.