గోడౌన్ నిండా సరుకా, రెండో సప్లయరా?

జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల కంపెనీల పర్చేజ్ విభాగాల్లో ఎప్పుడూ ఉండే టెన్షనే ఇది. బయటి దేశం నుంచి రావాల్సిన ముడిసరుకు ఆగిపోతే ఎలా?

నిల్వ పెంచడం వెంటనే చేయగలిగే పని. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు సూయజ్ కాలువ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. యూరప్ సరుకు వారాల తరబడి ఆలస్యమైంది. రెండు నెలల నిల్వ ఉన్నవాళ్లు అలాంటి దెబ్బను తట్టుకోగలరు. కానీ పెట్టుబడి ఇరుక్కుంటుంది, ఎక్స్‌పైరీ తరుముతుంది. సాల్వెంట్లయితే (మందుల తయారీలో వాడే ద్రావకాలు) అగ్నిప్రమాదం భయం అదనం.

రెండో సప్లయర్ విషయం ఇంత తేలిక కాదు. మందుల్లో ఫోన్ చేసి ఆర్డర్ పెట్టేస్తే కుదరదు. ఆడిట్, ట్రయల్ బ్యాచ్‌లు, మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూసే స్టెబిలిటీ పరీక్షలు కావాలి. అమెరికాకు వెళ్లే మందైతే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఆ మార్పు తెలపాలి. నెలలు పడుతుంది. ఇంకో మెలిక: ఇద్దరు సప్లయర్లూ ఒకే చైనా ఫ్యాక్టరీ నుంచి ఇంటర్మీడియట్ (ముడిసరుకు తయారీలో మధ్య దశ రసాయనం) తెచ్చుకుంటుంటే, ఆ ఇద్దరూ కాగితం మీదే ఇద్దరు. ధర అడిగే ముందు ఇదే అడగాలి.

ఖర్చు రెండింటికీ ఉంది. అయినా ఒక్కరి దగ్గరే దొరికే కీలక పదార్థానికి నా ఓటు రెండో సప్లయర్‌కే. ఎందుకంటే ఆరు నెలల అంతరాయాన్ని ఏ గోడౌనూ ఆపలేదు. అనుమతులు వచ్చేదాకా మాత్రం నిల్వే దిక్కు. అట్టపెట్టెల్లాంటి ఊళ్లో దొరికే సరుక్కి ఈ తర్జనభర్జనే అక్కర్లేదు.