కింద సినిమా, పైన 336 టీవీలు

వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో జరిగే ప్రసంగాలకీ, డాక్యుమెంటరీ ప్రదర్శనలకీ ఏడేళ్ళుగా వెళ్తున్నాను. టికెట్ కొనక్కర్లేదని, గ్యాలరీ ప్లేస్ మెట్రో స్టేషన్లో దిగితే ఎదురుగానే ఉంటుందని ఇక్కడున్న మనవాళ్ళకి తెలిసిందే. నాకు మాత్రం ఒక్క విషయం కోసమే ఆ చోటంటే ప్రాణం. కింద ఆడిటోరియంలో ఏ కళాఖండం గురించి విన్నామో, లేచి పైకెళ్ళి దాని ముందే నిలబడొచ్చు. అందుకే వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి దాదాపు గంట రైల్లో కూర్చుని వెళ్తాను. మరోచోట ఒక చిత్రకారిణి గురించి చాలా మంచి ప్రసంగం విన్నాను. ఆవిడ వేసిన బొమ్మ ఒక్కటి కూడా ఆ భవనంలో లేదు. ఇంటికొచ్చేదాకా మనసులో అదే వెలితి.

కిందటేడు వేసవిలో నాన్నగారు తెనాలి నుంచి వచ్చారు. ముప్పై ఏళ్ళకు పైగా టీవీ రిపేరు షాపు నడిపిన మనిషి. నామ్ జూన్ పైక్ మీద డాక్యుమెంటరీ వేస్తున్నారంటే తీసుకెళ్ళాను. పైక్ కొరియాలో పుట్టి 1964లో న్యూయార్క్ చేరాడు, టీవీలతోనే శిల్పాలు చేశాడు. నాన్నకి నచ్చకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను. పావుగంటలోనే తెలిసిపోయింది, పొరపాటు చేశానని. ఇంగ్లీషు గబగబా వెళ్ళిపోతోంది. నేను చెవిలో తెలుగు చెబుతుంటే ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. నాన్న చేతులు కట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఆయన అలా కూర్చున్నారంటే లేచి వెళ్ళిపోవాలని ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అయిపోయాక మూడో అంతస్తుకి తీసుకెళ్ళాను. పైక్ 1995లో చేసిన 'ఎలక్ట్రానిక్ సూపర్‌హైవే' అక్కడే ఉంది. గోడంత అమెరికా పటం. రాష్ట్రాల సరిహద్దులు రంగురంగుల నియాన్ గొట్టాలు, లోపలంతా టీవీలు, మొత్తం 336. ఐడహోలో బంగాళాదుంపలు కనిపిస్తాయి, అయోవాలో ఎన్నికల అభ్యర్థులు.

నాన్న ఆ దృశ్యాలేవీ చూడలేదు. ఒక పక్కకి వెళ్ళి వంగి, వెనక వైరింగ్ ఎలా ఉందో చూడబోయారు. గార్డు మర్యాదగా కాస్త వెనక్కి రమ్మన్నాడు. "ఒరేయ్, ఇవన్నీ పిక్చర్ ట్యూబు సెట్లేరా! రోజంతా ఆన్‌లోనే ఉంచుతారా? ట్యూబు పోతే ఎక్కణ్ణించి తెస్తారు? ఇప్పుడెవరూ చెయ్యట్లేదుగా?" అని అడిగారు. పైక్ పనుల్ని కాపాడే నిపుణులందర్నీ సతాయిస్తున్న ప్రశ్న సరిగ్గా అదే. ట్యూబుల తయారీ ఆగిపోయాక పాత సెట్లు వెతికి దాచుకోవాల్సి వస్తోంది. కింద ప్రశ్నల సమయంలో ఇది ఒక్కరూ అడగలేదు. నాన్న చేత అడిగించి నేను ఇంగ్లీషులో చెప్పి ఉండాల్సింది. ఆ బాధ నాకింకా ఉంది.

ఆ పటంలో రాజధాని వాషింగ్టన్ డీసీ ఉండే చోట ఒక చిన్న తెర ఉంది. దానికి కెమెరా తగిలించారు. ఎదురుగా నిలబడ్డవాళ్ళే అందులో కనిపిస్తారు. నాన్న తనని తాను చూసుకుని చొక్కా కాలరు సర్దుకున్నారు. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాక్కున్నారు. "ఇప్పుడు ఇద్దరం పడ్డాం" అన్నారు. మేం అక్కణ్ణించి కదిలేసరికి నలభై నిమిషాలు పట్టింది.

అయితే ప్రతిసారీ ఇంత కలిసొస్తుందని అనుకోకండి. మాట్లాడే కళాఖండం ఒక్కోసారి వేరే మ్యూజియంది అయి ఉంటుంది. కొన్ని ప్రసంగాలు పరిశోధకుల స్థాయిలో సాగుతాయి, ముందే కొంత చదువుకుని వెళ్తే తప్ప నాకు అందవు. మ్యూజియం ఏడింటికి మూసేస్తారు కాబట్టి సాయంత్రం కార్యక్రమమైతే తర్వాత పైకెళ్ళే టైము ఉండదు. నేనిప్పుడు ముందు పైన చూసి, తర్వాత కిందికి దిగుతున్నాను. పైగా నాన్న ఫోన్‌లో "ఆ సెట్లు వెలుగుతున్నాయా?" అని అడుగుతూనే ఉంటారు, అందుకని మూడో అంతస్తుకి ఎలాగూ వెళ్ళాలి.

మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, శనివారాలు నాకు ఖాళీ, అందుకే ఇది కుదురుతోంది. చంకలో బిడ్డతో గంట రైలు ప్రయాణం చేసి రమ్మని మాత్రం చెప్పలేను. చాలా ప్రసంగాల వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతాయి, అవి చూస్తే చాలు. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మాత్రం సినిమా సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు పైకే తీసుకెళ్ళండి.