బిల్లీ హామిల్టన్‌తో ఐదు సీజన్లు: స్టీల్స్ కోసం ఎంత పెట్టొచ్చు?

2014 మార్చిలో మా ఆఫీసు ఫ్యాంటసీ బేస్‌బాల్ లీగ్ వేలంలో సిన్సినాటి రెడ్స్ ఆటగాడు బిల్లీ హామిల్టన్‌ని 19 డాలర్లకు కొన్నాను. 2018 సీజన్ ఆఖరి ఆట దాకా నా జట్టులోనే ఉన్నాడు. మధ్యలో ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. ఇప్పటికీ ఎవరో కొత్త కుర్రాడు మైనర్ లీగ్‌లో (మేజర్ లీగ్‌కి కింది స్థాయి) స్టీల్స్, అంటే బేస్ దొంగతనాలు, కొల్లగొడుతున్నాడని వార్త రాగానే, అతన్ని ఎంతకి కొనొచ్చని మా లీగ్‌వాళ్లు నాకే ఫోన్ చేస్తారు. ఫోన్లో చెప్పేది ప్రతిసారీ సగంలో ఆగిపోతోంది, అందుకే ఈసారి పూర్తిగా రాస్తున్నాను.

ఫ్యాంటసీ అంటే మనవాళ్లకి డ్రీమ్11 గుర్తొస్తుంది. బేస్‌బాల్‌లో లెక్క వేరు. ఒక మ్యాచ్‌కి కాదు, మార్చి చివర నుంచి సెప్టెంబర్ దాకా సాగే 162 ఆటల సీజన్ మొత్తానికి జట్టు కట్టుకోవాలి. మా లీగ్‌లో 12 జట్లు, ఒక్కొక్కరి చేతిలో 260 ఉత్తుత్తి డాలర్లు. బ్యాటర్ల వైపు ఐదు విభాగాలు: రన్స్, హోమ్ రన్స్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి), ఆర్‌బీఐ అంటే తను కొట్టడం వల్ల జట్టుకు వచ్చిన పరుగులు, స్టీల్స్, బ్యాటింగ్ యావరేజ్ అంటే బ్యాటింగ్‌కి వచ్చిన సార్లలో ఎన్నోవంతు కొట్టి బేస్ చేరాడన్నది (.250 అంటే నాలుగింట ఒకటి). ప్రతి విభాగంలో మొదటి జట్టుకి 12 పాయింట్లు, చివరి జట్టుకి 1. దీన్ని రోటో అంటారు. 1980లో న్యూయార్క్‌లో లా రోటిస్సెరీ ఫ్రాంసేజ్ అనే రెస్టారెంట్‌లో కలుసుకునేవాళ్లు మొదలుపెట్టారు కాబట్టి ఆ పేరు.

ఇక్కడ హోమ్ రన్స్ విభాగానికి ఎన్ని పాయింట్లో స్టీల్స్ విభాగానికీ అన్నే. అసలు ఆటలో ఆ రెంటికీ పోలికే లేదు. పిచర్ (మన బౌలర్ లాంటివాడు) బంతి వేస్తుండగా, బ్యాటర్ కొట్టిన దెబ్బ సాయం లేకుండా, ఒక బేస్ (రన్నర్ ఆగే చోటు) నుంచి 90 అడుగుల దూరంలో ఉన్న తర్వాతి బేస్‌కి అవుటవకుండా ఉరికి చేరితే అది స్టీల్. జట్టుకి అది మంచిదే, కానీ హోమ్ రన్‌లా స్కోరు మార్చేది కాదు. హామిల్టన్ లాంటివాడికి ఫ్యాంటసీలో విలువ వచ్చేది ఈ తేడా వల్లే.

నేను 2012 నుంచి ఒహాయోలోని మేసన్‌లో ఉంటున్నాను. సిన్సినాటి రెడ్స్ ఆడే గ్రేట్ అమెరికన్ బాల్ పార్క్ మా ఇంటికి అరగంట దూరం. నేను వచ్చిన ఏడాదే ఇతను మైనర్ లీగ్స్‌లో 132 ఆటల్లో 155 స్టీల్స్ చేసి, విన్స్ కోల్మన్ 1983లో పెట్టిన 145 రికార్డుని దాటాడు. 2013 సెప్టెంబర్ 3న మేజర్ లీగ్‌లో తొలి ఆట. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో స్కోరు 0-0గా ఉన్నప్పుడు ఇతన్ని వేరొకరి బదులు పరుగెత్తడానికి మాత్రమే దింపారు. అప్పట్లో క్యాచర్లలో (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాళ్లు) యాడియర్ మొలీనా విసురు అంటే అందరికీ భయం. అతని మీదే రెండో బేస్ దొంగిలించాడు, ఆ వెంటనే టాడ్ ఫ్రేజియర్ కొట్టిన డబుల్‌కి (రెండు బేస్‌ల హిట్) హోమ్ ప్లేట్ చేరి పరుగు చేశాడు. రెడ్స్ 1-0తో గెలిచింది. ఆ పరుగు చూసినవాళ్లెవరూ మార్చిలో వేలానికి వచ్చినప్పుడు చెయ్యి దించలేరు. నేనూ దించలేదు. (1890ల్లో కూడా ఇదే పేరుతో ఒక ఆటగాడు ఉన్నాడు, అతనూ స్టీల్స్‌లో దిట్టే, హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. ఇద్దరికీ బంధుత్వం ఏమీ లేదు.)

ఇచ్చినదేమిటో ముందు చెప్తాను. 2014లో 56 స్టీల్స్, 2015లో 57, 2016లో 58, 2017లో 59. నాలుగేళ్లు ఇంత నిలకడగా ఒకే పని చేసినవాడిని నేను ఫ్యాంటసీలో ఇంకొకరిని చూడలేదు. అయినా ఒక్క ఏడాది కూడా నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్స్‌లోని రెండు లీగ్‌లలో రెడ్స్ ఆడేది) మొదటి స్థానం రాలేదు. 2015లో, 2017లో డీ గోర్డన్ ఒక్క స్టీల్ తేడాతో ముందున్నాడు. 2016లో జోనథన్ వియార్ 62 చేశాడు. 2015 నుంచి 2017 దాకా మేజర్ లీగ్స్ మొత్తంలో 50 దాటినవాళ్లు ఏటా ఇద్దరే. మూడేళ్లలోనూ ఆ ఇద్దరిలో ఒకడు హామిల్టన్. మా లీగ్‌లో స్టీల్స్‌లో మొదటి స్థానానికి 160 ఉంటే సరిపోయేది. అంటే ఒక్క మనిషి మూడో వంతు కంటే ఎక్కువ తెచ్చిపెట్టేవాడు. మిగతా పదమూడు మంది బ్యాటర్లు తలా ఏడెనిమిది చేస్తే చాలు.

ఇక పోగొట్టింది. అందరూ ముందు బ్యాటింగ్ యావరేజ్ గురించి భయపడతారు. 2015లో .226 చూసి నేనూ బాగా టెన్షన్ పడ్డాను. తర్వాత కాగితం మీద లెక్క వేశాను. 2017నే తీసుకోండి. 580 సార్లకు పైగా బ్యాటింగ్, .247. అతని చోట .265 కొట్టేవాడు ఉంటే వచ్చే అదనపు హిట్లు పది. నా జట్టు మొత్తం కలిపి ఏడు వేల సార్లు బ్యాట్ పడుతుంది. ఏడు వేలలో పది హిట్లంటే, .265 ఉండాల్సిన జట్టు .2635కి దిగుతుంది. పోటీ దగ్గరగా ఉన్న ఏడాది దానికి ఒకటో రెండో పాయింట్లు పోతాయి. అంతకంటే కాదు.

అసలు దెబ్బ హోమ్ రన్స్, ఆర్‌బీఐల్లో. 2016లో 3 హోమ్ రన్లు, 17 ఆర్‌బీఐ. 119 ఆటలాడి పదిహేడు! అవుట్‌ఫీల్డ్‌లో మామూలు ఆటగాడు కూడా 20 హోమ్ రన్లు, 70 ఆర్‌బీఐ ఇచ్చే రోజులవి. 2017లో మేజర్ లీగ్స్‌లో 6,105 హోమ్ రన్లు వచ్చాయి, అప్పటికి అదే రికార్డు. చుట్టూ అందరి సంఖ్యలూ పెరుగుతుంటే నా జట్టులో ఒక చోటు ఖాళీగా ఉన్నట్టే ఉండేది. నేను వేలంలో చూడనిది ఇదే. యావరేజ్ నష్టం జట్టంతా పంచుకుంటుంది, హోమ్ రన్ల నష్టం మాత్రం సంఖ్యకు సంఖ్య పూడ్చాలి.

పూడ్చింది నెల్సన్ క్రూజ్. వయసు మీద పడిందని, ఎక్కువగా డీహెచ్‌గానే (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే) ఆడతాడని మా లీగ్‌లో ఎవరూ పెద్దగా పెట్టేవారు కాదు. 2015లో 44 హోమ్ రన్లు, 2016లో 43, 2017లో 39. యావరేజ్ కూడా .280 పైనే. 2016లో ఇద్దరినీ కలిపి రెండుతో భాగిస్తే, తలా 23 హోమ్ రన్లు, 61 ఆర్‌బీఐ, దాదాపు 30 స్టీల్స్ ఇచ్చే ఇద్దరు ఆటగాళ్లు నాకు ఉన్నట్టు. అలాంటి ఒక్కడు వేలంలోకి వస్తే 30 డాలర్లు పలుకుతాడు. హామిల్టన్‌ని ఒంటరిగా కొనకూడదన్న మాట నేను గట్టిగా చెప్పేది అందుకే. అతని పక్కన ఎవరిని నిలబెడతారో ముందే తెలిసి ఉండాలి. ఆ రెండో మనిషి చవగ్గా దొరకడు అనిపిస్తే మొదటివాడినీ వదిలేయాలి.

రన్స్ విషయంలో చాలామంది పొరపాటు పడతారు. వేగం ఉంది కాబట్టి పరుగులు వచ్చేస్తాయనుకుంటారు. బేస్ మీదకి వస్తేనే కదా! మొదటి బేస్‌ని ఎవరూ దొంగిలించలేరని బేస్‌బాల్‌లో పాత మాట ఒకటి ఉంది. 2015లో బ్యాటింగ్ క్రమంలో తొమ్మిదో స్థానానికి దింపారు, ఆ ఏడాది 56 రన్సే. 2017లో ముందు ఆడించారు, వెనక బాగా కొట్టే జోయీ వాటో ఉన్నాడు, 85 వచ్చాయి. ఆ ఏడాది కూడా ఆన్ బేస్ శాతం (ఓబీపీ, ఏదో ఒక విధంగా బేస్ మీదకి చేరిన నిష్పత్తి) .299 మాత్రమే. మీ లీగ్‌లో యావరేజ్ బదులు ఓబీపీ లెక్కిస్తే ఇలాంటివాడి ధరలో మూడో వంతు కోసేయండి. పాయింట్ల లీగ్ (ఆటగాడు చేసే ప్రతి పనికీ ఇన్ని పాయింట్లని ఇచ్చేది) అయితే అసలు తీసుకోవద్దు. స్టీల్స్‌లోంచి దొరికిపోయినవి తీసేసి లెక్కించే లీగ్‌లూ ఉన్నాయి. అక్కడ 2014లో 56 స్టీల్స్, 23 సార్లు దొరకడం, మిగిలింది 33. తర్వాతి రెండేళ్లలో ఎనిమిదేసి సార్లే దొరికాడు, మిగిలినవి 49, 50. దొంగిలించడం అతను నిజంగా నేర్చుకున్నాడు. కొట్టడం మాత్రం ఎంత కష్టపడినా రాలేదు. 2014లో ఆల్‌స్టార్ విరామం (జూలైలో సీజన్ మధ్య సెలవు) దాకా .285 కొట్టి, ఆ తర్వాత .200కి పడిపోయినప్పుడే పిచర్లకి కిటుకు దొరికిందని నాకు అర్థమైంది.

సెప్టెంబర్ గురించి విడిగా చెప్పాలి. డల్లాస్‌లో ఉండే మా బావమరిది వాళ్ల లీగ్ హెడ్ టు హెడ్, అంటే వారానికి ఒక జట్టుతో పోటీ. ప్లేఆఫ్స్ సెప్టెంబర్‌లో. నా మాట విని 2016లో హామిల్టన్‌ని తీసుకున్నాడు. వేసవంతా స్టీల్స్ విభాగం వారం వారం గెలుస్తూ వచ్చాడు. సెప్టెంబర్ మొదట్లో ఫోన్. "బావా, పక్కటెముకల దగ్గర కండరం పట్టేసిందట, ఇక ఆడడంటున్నారు." అంతకు ముందు ఏడాది సెప్టెంబర్‌లో భుజానికి ఆపరేషన్. తర్వాతి ఏడాది సెప్టెంబర్‌లో బంట్ (బంతిని మెల్లగా బ్యాట్‌కి తాకించడం) చేయబోతే బొటనవేలు విరిగింది. రోటోలో ఇది పెద్ద బాధ కాదు, ఆగస్టు దాకా చేసిన 50కి పైగా స్టీల్స్ మన ఖాతాలోనే ఉంటాయి. వారం వారం ఆడే లీగ్‌లో మాత్రం సీజన్ అక్కడే కూలిపోతుంది. ఒళ్లు విసిరి పరుగెత్తే ఆటగాడి శరీరం ఆరో నెలకి అలిసిపోతుందని మా బావమరిదికి ముందే చెప్పి, జూలైలోనే మార్పిడి చేసుకోమనాల్సింది నేను. చెప్పలేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైన సంగతి ఒకటుంది. 2015లో .226 కొట్టినవాడిని రెడ్స్ ఎందుకు బెంచి మీద కూర్చోబెట్టలేదు? సెంటర్ ఫీల్డ్‌లో అతని క్యాచ్‌ల కోసం. ఎడమ వైపు గోడ దగ్గర పడాల్సిన బంతిని గాల్లో పక్కకి దూకి పట్టుకున్న రోజు నేను స్టాండ్స్‌లో ఉన్నాను, మొత్తం జనం లేచి నిలబడ్డారు. ఫ్యాంటసీలో క్యాచ్‌కి ఒక్క పాయింట్ కూడా రాదు. కానీ ఆ క్యాచ్‌లే అతన్ని రోజూ ఆటలో ఉంచాయి, రోజూ ఆటలో ఉన్నాడు కాబట్టే స్టీల్స్ వచ్చాయి. నేను కాళ్లకి డబ్బు పెట్టానని అనుకున్నాను గానీ, ఆ నాలుగేళ్లూ నన్ను కాపాడింది అతని గ్లవ్.

2018లో అదీ సరిపోలేదు. 153 ఆటలాడాడు, స్టీల్స్ 34. మా లీగ్‌లో ఆటగాణ్ణి అట్టిపెట్టుకుంటే ఏటా నాలుగు డాలర్లు కలపాలి, అప్పటికి అతని ఖరీదు 35. స్టీల్‌కి ఒక డాలర్ పైన పడింది. ఆ చలికాలం రెడ్స్ అతన్ని వదులుకుంది, నేనూ వదిలేశాను. తర్వాత అతను చాలా జట్లు మారాడు. మొత్తం కెరీర్‌లో 326 స్టీల్స్, యావరేజ్ .239.

2023లో రూల్స్ మారాయి. బేస్‌లు 15 అంగుళాల నుంచి 18కి పెరిగాయి, పిచర్ బంతి వేయడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చింది, రన్నర్‌ని ఆపడానికి పిచర్ బేస్ వైపు విసరడానికి పరిమితి పెట్టారు. 2017లో 2,527గా ఉన్న మొత్తం స్టీల్స్ 3,503కి చేరాయి. రొనాల్డ్ అకూన్యా ఒక్కడే 41 హోమ్ రన్లతో పాటు 73 స్టీల్స్ చేశాడు. కొరత తగ్గితే ధర తగ్గాలి. ఈ రోజు 58 స్టీల్స్‌కి 2016లో ఉన్న విలువ లేదు.

ఆ ఏడాదే ఓక్లండ్‌లో ఎస్టెయూరీ రూయిజ్ 67 స్టీల్స్‌తో అమెరికన్ లీగ్ కొత్త ఆటగాళ్ల రికార్డు కొట్టాడు. .254, 5 హోమ్ రన్లు. మా ఆఫీసులో చేరిన ఖమ్మం కుర్రాడు మరుసటి మార్చిలో అడిగాడు, "అన్నా, రూయిజ్‌ని 25కి తీసుకోనా? అచ్చం మీ హామిల్టనే కదా." "క్యాచ్‌లు చూశావా తమ్ముడూ?" అన్నాను. చూడలేదన్నాడు. చూడమన్నాను. రెండు రోజులు చూసి వచ్చి, వద్దులే అన్నా అన్నాడు. 2024 సీజన్ మొదలైన కొద్ది రోజులకే రూయిజ్‌ని ట్రిపుల్ ఎకి (మైనర్ లీగ్స్‌లో పై స్థాయి) పంపేశారు. ఆ ఏడాది మొత్తం 30 ఆటలు కూడా ఆడలేదు.

ఇప్పుడు అందరూ అడుగుతున్నది టాంపా బే కుర్రాడు చాండ్లర్ సింప్సన్ గురించి. 2024లో మైనర్ లీగ్స్‌లో 104 స్టీల్స్ చేశాడు. 2025లో మేజర్స్‌లో .295 కొట్టి 44 చేశాడు, హోమ్ రన్ ఒక్కటీ లేదు. హామిల్టన్‌కి లేని యావరేజ్ ఇతనికుంది, అది చాలా పెద్ద తేడా. కానీ ఆ సీజన్ మధ్యలోనే అతన్ని కొన్నాళ్లు ట్రిపుల్ ఎకి పంపారు. బాగా కొడుతున్నవాడిని కూడా కిందికి పంపగలిగారంటే ఆ జట్టులో అతని చోటు ఇంకా గట్టిపడలేదని నా లెక్క. వేలంలో అతని పేరు వస్తే, పక్కన నిలబెట్టడానికి 40 హోమ్ రన్ల మనిషి అప్పటికే నా దగ్గరుంటే 14 డాలర్ల దాకా వెళ్తాను. లేకపోతే 9 దగ్గర ఆగిపోతాను.