రాజమండ్రిలో మా మ్యూజిక్ పత్రిక వేయించిన ప్రెస్సు: ప్రింటింగుకి నాలుగు స్టార్లు, డీటీపీకి (కంప్యూటర్లో పేజీలు కట్టే పనికి) ఒకటిన్నర

ప్రెస్సు పేరు మాత్రం రాయను, ఎందుకంటే తిట్టాల్సింది కొంచెం ఉంది, ఆ ఓనరు గారి మీద గౌరవం అంతకన్నా ఎక్కువ ఉంది. కింద పెళ్ళికార్డులు, పైన మిషన్లు, మెట్ల మీద కాగితం కట్టలు అడ్డం, అలాంటి ప్రెస్సులు రాజమండ్రిలో చాలానే ఉన్నాయి కదా, అందులో ఒకటి అనుకోండి.

మేం ముగ్గురం. నేను రావులపాలెం, బేస్ గిటార్ వాయిస్తా (వాయిస్తానని నేనంటా, వినేవాళ్ళు ఒప్పుకోరు). ఒకడు మండపేటలో కీబోర్డు క్లాసులు చెప్తాడు. ఇంకొకావిడ భీమవరంలో లెక్చరరు, మాలో తప్పుల్లేకుండా రాయడం వచ్చింది ఆవిడ ఒక్కదానికే. సినిమా పాట కాకుండా మన చుట్టుపక్కల వాయించే మిగతా సంగీతం గురించి ఒక చిన్న పత్రిక వేద్దామని రెండేళ్ళ నుంచి అనుకోవడం, టీ తాగడం, ఇంటికి పోవడం. ఈసారి పెన్ డ్రైవ్ నిండా మ్యాటర్ పెట్టుకుని ప్రెస్సుకి వెళ్ళిపోయాం.

ఓనరు గారికి అరవై దాటుంటాయి. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని "ఏం పత్రిక బాబు?" అన్నారు. ఆల్టర్నేటివ్ మ్యూజిక్ అండి అన్నా. "అంటే?" సినిమాది కాదండి, గుళ్ళోదీ కాదు, డబ్బులిచ్చి పెళ్ళిలో వాయించమనేదీ కాదు అన్నా. "మరి ఎవడు వింటాడు బాబు?" అదే రాద్దామనండి, అన్నాడు మా మండపేటోడు. ఆయన నవ్వి కుర్చీలు వేయించారు. ఆ నవ్వుకే ఒక స్టారు ఇచ్చేశా.

"మ్యాటరెంత?" అంటే 41 ఫైళ్ళు అన్నాం గర్వంగా. ఆయన పెన్ డ్రైవ్ ముట్టుకోలేదు. పక్కన కటింగ్ వేస్టులోంచి ఎనిమిది కాగితాలు లాగి, ఒకదాంట్లో ఒకటి పెట్టి మధ్యకి మడిచి, పెన్సిల్‌తో ఒకటి నుంచి 32 దాకా నంబర్లు వేసి మా ముందు పడేశారు. "ఇది డమ్మీ. ఏ పేజీలో ఏముందో దీని మీద రాసి తీసుకురండి, అప్పుడు చూద్దాం మీ ఫైళ్ళు." అంతే, పంపించేశారు. మొదట మండింది, రావులపాలెం నుంచి బస్సులో వచ్చింది దీనికా అని. ఆ రాత్రి డమ్మీ ముందేసుకుని కూర్చున్నాక అర్థమైంది, మా దగ్గర పత్రికే లేదు, ఫైళ్ళే ఉన్నాయి.

ఆ మడత కాగితాలు చెప్పినంత ఏ యూట్యూబ్ వీడియో చెప్పలేదండి నాకు. సెంటర్ పిన్ కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగేసి పెరుగుతాయి, 30 పేజీల పత్రిక అని మనం అనుకుంటే సరిపోదు, 28 అవ్వాలి లేకపోతే 32 అవ్వాలి. ఒకే షీటు మీద ఒకే వైపు పక్కపక్కన ఉండే రెండు పేజీల నంబర్లు కలిపితే ఎప్పుడూ 33 వస్తుంది, ఒకటికి 32, రెండుకి 31 అలాగ. మధ్యలో 16, 17 మాత్రమే చూడ్డానికీ పక్కపక్కనే, షీటు మీదా పక్కపక్కనే. అంటే పోస్టర్ వేసుకోవాలన్నా, రెండు పేజీల మీద పరిచిన ఫొటో వేయాలన్నా ఉన్నది అదొక్కటే చోటు. ఇంకెక్కడ వేసినా రెండు సగాలూ వేరే వేరే షీట్ల మీంచి వస్తాయి, ఒక మిల్లీమీటరు అటూఇటూ అయితే గిటారు మెడ విరిగినట్టుంటుంది. ఇది విని కూడా మేం 10, 11 పేజీల్లో మాకు తెలిసిన ఒక గిటారిస్టు ఫొటో పరిచాం, తగుదునమ్మా అని. వచ్చాక చూస్తే ఫ్రెట్‌బోర్డు మీదున్న నాలుగు వేళ్ళలో రెండు మడతలోకి వెళ్ళిపోయాయి. రెండు వేళ్ళతో కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాలు) పట్టే గిటారిస్టు ఆంధ్రదేశంలో మా వాడొక్కడే.

మ్యాటర్ సంగతికొస్తే, మా 41 ఫైళ్ళలో అన్నిటికన్నా పెద్దది నాదే, ఏడు పేజీల ప్రపంచ రాక్ చరిత్ర. డమ్మీ మీద ఏడు గళ్ళు నింపాక మిగతా వాళ్ళ మొహాలు చూశా. లెక్చరరు గారు అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఇది ఫోన్లో దొరకదా?" దొరుకుతుంది. "అయితే కాగితం ఎందుకు దండగ?" కొట్టేశాం. దాంట్లోంచి అర పేజీ బాక్సు మాత్రం మిగిల్చాం: 1976లో లండన్‌లో స్నిఫిన్ గ్లూ అనే పంక్ రాక్ పత్రిక హెడ్డింగులు చేత్తో గీకి, జిరాక్సు తీసి పంచారని, మన దేశంలో రాక్ స్ట్రీట్ జర్నల్ అనే రాక్ పత్రిక 1993లో మొదలైంది బొంబాయిలోనో బెంగుళూర్లోనో కాదు, అలహాబాద్‌లో అమిత్ సైగల్ అనే ఆయన మొదలుపెట్టారని. నాకు ఈ అలహాబాద్ ముక్కే ముఖ్యం. అక్కడ అయినప్పుడు మనకేం తక్కువ. ఆ మాటకొస్తే 1874లో వీరేశలింగం గారు రాజమండ్రి నుంచి వివేకవర్ధని పత్రిక నడిపితే మొదట్లో అచ్చు చెన్నపట్నంలో వేయించుకోవాల్సి వచ్చేదట, మనకి ఆర్టీసీ బస్సెక్కితే చాలు.

ఖాళీ అయిన గళ్ళలోకి అసలైనవి వచ్చాయి. మన కోనసీమలో, నరసాపురం వైపు, డ్రమ్స్ కిట్టు మీద చెయ్యి పెట్టిన కుర్రాళ్ళలో ఎంతమంది చర్చిలో మొదలెట్టారో తిరిగి చూస్తే తెలుస్తుంది, ఆదివారం ఆరాధనలో వాయించి సోమవారం హెవీ మెటల్ రాక్ వినేవాళ్ళు. వాళ్ళ మీద నాలుగు పేజీలు. తీర్థాలకీ సంక్రాంతికీ తిరిగే ఆర్కెస్ట్రా వాళ్ళు స్టేజీ మీద సినిమా పాటలే వాయిస్తారు, తెల్లారుజామున వ్యాన్‌లో వెనక్కి వచ్చేటప్పుడు కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని సొంతవి వాయించుకుంటారు, ఆ వ్యాన్ గురించి మూడు పేజీలు. కపిలేశ్వరపురంలో 1973 నుంచి ఉన్న సర్వారాయ హరికథా పాఠశాల మీద రెండు. హరికథ ఆల్టర్నేటివ్ ఏంటిరా అని మా మండపేటోడు గొడవ. ఒక్క మనిషి కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, పాడుతూ ఆడుతూ కథ చెప్తూ మధ్యలో జనం మీద జోకులేస్తే దాన్ని ఇంకేమంటారు? వాడు ఓడిపోయాడు. ఇంకోటి, భీమవరం చెరువుల పక్కన ఇంట్లో రికార్డింగ్ చేసుకోవడం ఎలా అని. రొయ్యల చెరువుల ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి కొట్టే మిషన్లు) రాత్రంతా తిరుగుతూ ఒకే శ్రుతిలో హోరు పెడతాయి, మైకు దాన్ని గాయకుడి కన్నా శ్రద్ధగా వింటుంది. పరుపులు నిలబెట్టి, దుప్పట్లు వేలాడదీసి, కింది ఫ్రీక్వెన్సీలు కోసేసి ఎలా లాక్కొచ్చారో ఒకబ్బాయి చెప్పింది చెప్పినట్టు వేశాం. జనం చించుకుని దాచుకున్న పేజీ అదే.

డిజైన్ విషయంలో ఓనరు గారి సలహాలు బంగారం. మాకు నల్ల పేజీల మీద తెల్ల అక్షరాలు కావాలి, రాక్ కదా మరి. "70 జీఎస్ఎం మ్యాప్‌లిథో అనే ఈ మామూలు కాగితం మీద ఇంకు పీల్చుకుంటుంది బాబు, మీ ఒత్తులన్నీ పూడుకుపోతాయి" అని ఒక పాత కరపత్రం తీసి చూపించారు, నిజంగానే సున్నాలన్నీ చుక్కలై ఉన్నాయి. రాత్రి ప్రోగ్రాముల ఫొటోలు కూడా అంతే, స్క్రీన్ మీద బ్రహ్మాండం, కాగితం మీద బొగ్గు. కొంచెం తెల్లబరిచి ఇమ్మన్నారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలు తీసుకోరట, అది పిండేసి పంపుతుందట, డాక్యుమెంట్‌గా పెట్టమన్నారు. వన్ బై ఎయిట్ డెమ్మీలో (ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాల పేజీ), అంగుళానికి 300 చుక్కల చొప్పున, పేజీ నిండా ఫొటో పడాలంటే దాదాపు 1650 బై 2550 పిక్సెల్స్ ఉండాలి, లెక్క వేసి చూసుకోండి.

రెండు కాలమ్స్ పెడదాం అని నేను, ఇంగ్లీషు మ్యాగజైన్లు చూసి. ఆయన వద్దన్నారు. తెలుగు మాట పొడుగు, విరగ్గొట్టడానికి హైఫన్ అలవాటు లేదు, సన్న కాలమ్‌లో రెండు వైపులా సమం చేస్తే మాటల మధ్య కాలవలు తవ్వినట్టు ఖాళీలు. ఒకటే కాలమ్, కుడి పక్క వెడల్పు మార్జిన్, ఆ మార్జిన్‌లో చిన్న అక్షరాల్లో పాట పేరు, వాయించినవాళ్ళ పేర్లు. లైను లైనుకి మధ్య ఎడం కూడా ఎక్కువే ఉండాలి, పైన గుడులు కింద ఒత్తులు కొట్టుకోకుండా. 11 పాయింట్లకి 16 పెట్టాం, కంటికి హాయిగా ఉంది. ఈ మాటలన్నీ చెప్పిన పెద్దమనిషి డిజైన్ చార్జీ అని ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఇంక తిట్లు.

డీటీపీ అబ్బాయి. మంచివాడే, కానీ అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్, అదే ప్రపంచం. మేమేమో ఫోన్లలో, లాప్‌టాపుల్లో యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు అందరూ వాడే పద్ధతిలో, టైపు చేశాం, వాడి పాత ఫాంట్లకి అది తెలియదు. వాడు కన్వర్టర్‌లో వేసి తిప్పాడు. డ్రమ్స్‌లో క్రావడి పక్క అక్షరం కిందకి వలసపోయింది. మాది మ్యూజిక్ పత్రిక కాబట్టి సౌండ్‌చెక్, హెడ్‌ఫోన్ లాంటి మాటలు పేజీకి పది ఉంటాయి, పొల్లు దగ్గర విడగొట్టి ఉంచే కనపడని గుర్తు కన్వర్షన్‌లో పోతుంది, 'సౌండ్చెక్' అని డ కింద చ ఒత్తు వచ్చేసింది. మొదటి ప్రూఫులో తప్పులు లెక్కపెట్టడం 180 దగ్గర ఆపేశాం. రెండో ప్రూఫులో దిద్దినవాటిల్లో సగం మళ్ళీ పాత ఫైలులోంచి వచ్చాయి. మూడోసారి లెక్చరరు గారే ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ (తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చే సెట్టింగు) ఆన్ చేసుకుని, హెడ్డింగులకి రామభద్ర, లోపలికి మండలి ఫాంటు పెట్టుకుని (రెండూ ఫ్రీయే, గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి), రెండు రాత్రుల్లో మొత్తం మళ్ళీ కట్టి పీడీఎఫ్ ఇచ్చేశారు. డీటీపీకి పేజీకి ఇంత అని ముందే కట్టిన డబ్బు వెనక్కి అడగలేదు, అడగాల్సింది.

క్యూఆర్ కోడ్లు ఇంకో కథ. కాగితానికి శబ్దం ఉండదు కదా, అందుకని ప్రతి వ్యాసం చివర వినడానికి కోడ్ పెట్టాం. డీటీపీ అబ్బాయి అందంగా ఉంటుందని మేం ఇచ్చిన పీడీఎఫ్‌లోనే రెండు చోట్ల కోడ్ చుట్టూ ఉన్న తెల్ల అంచు కత్తిరించి, ఒకదాన్ని లేత గోధుమరంగులోకి మార్చాడు. ఆ రెండూ సగం ఫోన్లలో పని చేయట్లేదు. చుట్టూ తెల్ల ఖాళీ లేకపోతే కెమెరాకి కోడ్ ఎక్కడ మొదలైందో తెలియదు, నల్లగా తెల్లగా తేడా ఉండాలి. ఫైనల్ ప్రూఫు మీద సంతకం పెట్టేటప్పుడు నేను అక్షరాలే చూశా, కోడ్లు స్కాన్ చేయలేదు, సగం తప్పు నాది.

టైము: పది రోజులన్నారు, ఇరవై ఒకటి పట్టింది. మాఘమాసంలో వెళ్ళాం మరి, శుభలేఖల ముందు మనమెంత. మిషను ఖాళీ అయినప్పుడల్లా మా పేజీలు ఎక్కేలోపు ఎవరో తాంబూలం పళ్ళెంతో వచ్చేవారు.

డబ్బులు: 300 కాపీలు, 32 పేజీలు లోపల నలుపు, పైన రంగుల అట్ట మ్యాట్ లామినేషన్‌తో, డిజిటల్‌లో కాపీ 43 చొప్పున 12,900. ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లు చేయించి వేసే అచ్చు) వేస్తే ప్లేట్ల ఖర్చు ముందే పడుతుంది, వంద వేసినా వెయ్యి వేసినా ప్లేటు ప్లేటే, అందుకే వెయ్యి కాపీలైతే కాపీ 22కే వస్తుందన్నారు. వెయ్యి మంది ఎక్కడున్నారండి మాకు. ఇక్కడ కూడా ఆయనే "మొదటిది మూడొందలు చాలు బాబు, మిగిలినవి మీ అమ్మగారు పప్పులకి పొట్లాలు కడతారు" అన్నారు. అమ్ముకునే వాడు తక్కువ కొనమని చెప్పడం నేను చూడ్డం ఇదే. ఇంకోటి కూడా చెప్పారు, ప్రతి మూణ్ణెల్లకీ అదే పేరుతో వేస్తే రిజిస్ట్రేషన్ కావాలి, 2024 మార్చి నుంచి కొత్త చట్టం, ఆన్‌లైన్‌లోనే టైటిల్‌కి పెట్టుకోవాలని. ఇది మాకు ఇంకెవరూ చెప్పలేదు.

అట్ట మీద పేరు అక్షరాలు మాత్రం కంప్యూటర్‌వి కాదు. ఫ్లెక్సీలొచ్చాక పని తగ్గిన ఒక బోర్డు పెయింటరు గారు మా ఊళ్ళో ఉన్నారు, ఆయన చేత బ్రష్‌తో రాయించి స్కాన్ చేశాం. ప్రెస్సులో ఆ స్కాన్‌ని ఎంత జాగ్రత్తగా వేశారంటే బ్రష్ వెంట్రుక ఒకటి అక్షరం తోకలో కనపడుతుంది. కటింగ్ కూడా సూటిగా ఉంది, పిన్నులు రెండూ సరిగ్గా మడత మీదే పడ్డాయి. మధ్య పేజీలు పిన్ను పుస్తకాల్లో కొంచెం బయటికి నెట్టుకొస్తాయి, కోసినప్పుడు అక్కడి నంబర్లు అంచుకి వచ్చేస్తాయి, అది తెలిసి ఆయన ముందే లోపలికి జరపమన్నారు కాబట్టి బతికిపోయాం.

వెళ్ళేవాళ్ళకి: ప్రింటింగు, బైండింగు, సలహాలకి కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. డీటీపీ మీరే చేసుకుని పీడీఎఫ్ పట్టుకెళ్ళండి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని కూడా చెప్పండి. పెళ్ళిళ్ళ సీజన్లో వెళ్ళకండి. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా ఓనరు గారు నిద్ర, ఆ టైములో డీటీపీ అబ్బాయే దిక్కు. రెండో సంచిక కూడా అక్కడే ఇస్తున్నాం. డమ్మీ మా ఫ్రిజ్ మీద ఉంది, 14, 15 పేజీలు ఇంకా ఖాళీ, మా మండపేటోడు అక్కడ తన ఫొటో పరవాలంటున్నాడు.