గద్దించే సూపర్‌వైజరా, ముందే సర్దిపెట్టే సూపర్‌వైజరా: సైటుకు ఎవరు మేలు?

కాంట్రాక్టరుకు ఒకటే సైటు ఉన్నంతకాలం ఈ ప్రశ్న పుట్టదు. పొద్దున్నే యజమానే వచ్చి నిలబడతాడు, తాపీ మేస్త్రీ మొదలు ఇసుక మోసే మనిషి వరకు అందరినీ పేరు పెట్టి పిలుస్తాడు, శనివారం బట్వాడా తన చేతులతోనే ఇస్తాడు. మూడో సైటో నాలుగో సైటో చేతికి వచ్చాక ఆయన రెండు రోజులకొకసారి కారులో వచ్చి పది నిమిషాలుండి వెళ్లే మనిషి అవుతాడు. అప్పటినుంచి మేస్త్రీ కింద పనిచేసే కూలీల గుంపుకు కంపెనీ అంటే సూపర్‌వైజరే. ఆ కుర్రవాడు తరచుగా డిప్లొమా ముగించి రెండేళ్లు కూడా కానివాడై ఉంటాడు, అతని కింద ఉండే మేస్త్రీకి ఇరవై ఏళ్ల పని చేతిలో ఉంటుంది. ఈ ఇద్దరి మధ్య మాట ఎలా సాగాలన్నది యజమాని తేల్చకపోతే, ఆ కుర్రవాడు తాను ఎక్కడో చూసిన పద్ధతినే, అంటే గద్దింపునే, పట్టుకుంటాడు.

గద్దింపుకు కొంత న్యాయం చేయాలి. పునాది గుంతలు తవ్వించడం, ఇటుకలు పై అంతస్తుకు ఎక్కించడం, శిథిలం ఎత్తించడం వంటి కంటికి కనిపించే పనుల్లో అది ఫలితమిస్తుంది. ఎన్ని గుంతలు తేలాయో సాయంత్రానికి లెక్కపెట్టవచ్చు, పక్కకు వెళ్లి ఫోను చూసుకునేవాడు దొరికిపోతాడు, యజమాని ఎప్పుడు వచ్చినా అందరూ కదులుతూ కనిపిస్తారు. అయితే భవన నిర్మాణంలో అసలు పని చాలావరకు కప్పబడిపోయేదే. స్లాబులో ఇనుముకు బైండింగ్ వైరు సరిగ్గా చుట్టారా, ఇనుము అడుగుకు ఆనకుండా కింద ఉంచే కవర్ బ్లాకులు పెట్టారా, కలిపిన కాంక్రీటు తేలిగ్గా జారాలని అదనంగా నీళ్లు పోశారా అన్నది కాంక్రీటు పడ్డ మరుక్షణం ఎవరి కంటికీ అందదు. భయపడ్డ గుంపు తప్పు చేయడం మానదు, తప్పును దాచడం మాత్రం నేర్చుకుంటుంది. కాంక్రీటు పోయడానికి చుట్టూ బిగించిన షీట్లు విప్పినప్పుడు స్తంభంలో కంకర తేలి గుల్లలు కనిపిస్తే, సూపర్‌వైజరు టిఫినుకు వెళ్లి వచ్చేలోగా వాటి మీద సిమెంటు పాలు పూసేస్తారు. అదే గుంపు అతనితో మాట్లాడగలిగే స్థితిలో ఉంటే పిలిచి చూపిస్తుంది, ఇంజనీరు చెప్పిన పద్ధతిలో బాగుచేయడానికి వీలవుతుంది.

రెండో నష్టం మర్యాదకు సంబంధించినది. గుంపు అంటే పది మంది విడివిడి కూలీలు కారు. ఒకే ఊరివాళ్లు, చాలాసార్లు బావమరుదులు, అన్నదమ్ముల పిల్లలు. నలభై ఏళ్లు దాటిన మేస్త్రీని వాళ్ల ముందు ‘ఏరా’ అన్నారంటే ఆ మాట మేస్త్రీ ఒక్కడికే తగలదు. ఆ వారం బట్వాడా తీసుకొని సోమవారం గుంపంతా పక్క వీధిలోని సైటుకు వెళ్లిపోతే, సగంలో ఆగిన గోడకు కొత్త మనుషులను వెతకడానికి పట్టే రోజులు ఏ బిల్లులోనూ కనబడవు.

ఇక సర్దిపెట్టే సూపర్‌వైజరు. ఇతను మనుషుల మీద కంటే పని దారి మీద ఎక్కువ కన్ను వేస్తాడు. రేపటి గోడకు ఎన్ని బస్తాలు కావాలో, పరంజా ఎక్కడికి జరగాలో, డ్రాయింగులో కిటికీ ఎత్తు మారిందో లేదో ముందురోజు సాయంత్రమే మేస్త్రీతో కూర్చొని మాట్లాడతాడు. దీని విలువ లెక్కలోనే తెలుస్తుంది. 12 మంది గుంపు సిమెంటు లారీ కోసం రెండు గంటలు ఖాళీగా కూర్చుంటే 24 గంటల పని పోయినట్టే, అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున ముగ్గురి ఒకరోజు పని, మూడు హాజరీలు. దినకూలీ అయితే ఆ డబ్బు కాంట్రాక్టరుది, పని కొలతను బట్టి డబ్బిచ్చే గుత్త పని అయితే మేస్త్రీది. గుత్త అయితే మనకేం పోయిందని అనుకునేవారు, ఆ మేస్త్రీ పోయిన గంటలను సాయంత్రం తొందర పనితో రాబట్టుకుంటాడని మరిచిపోతారు. మధ్యాహ్నం వరకు ఎన్ని కేకలు వేసినా పోయిన రెండు గంటలు తిరిగి రావు. నేను చూసినంతలో సైటులో కేకలు ఎక్కువగా వినిపించే రోజు, సామాను వేళకు రాని రోజే.

ఈ పద్ధతికి యజమాని కూడా మూల్యం చెల్లించాలి. చేతి ఖర్చుకు కొంత సొమ్ము, సామాను దుకాణానికి నేరుగా ఫోను చేసే అనుమతి, ప్రమాదం అనిపిస్తే పని ఆపించే అధికారం సూపర్‌వైజరుకు ఇవ్వాలి. ఇవేవీ ఇవ్వకుండా ‘మనుషులతో మంచిగా ఉండు’ అని మాత్రం చెబితే, మూడో రకం మనిషి తయారవుతాడు. అతను గుంపుతో చనువుగా ఉంటాడు, రానివాడికి కూడా హాజరు వేస్తాడు, సగం పూటకు పూర్తి హాజరీ రాస్తాడు. ఇవ్వడానికి అతని దగ్గర ఉన్నది హాజరు పుస్తకం ఒక్కటే కదా.

రెండు పద్ధతుల్లో సైటులో నిజంగా ఏది నడుస్తోందో శనివారం బట్వాడా దగ్గర తేలిపోతుంది. గుత్త కొలతలు మేస్త్రీ ఎదుటే టేపు పెట్టి తీసి, ఇద్దరి పుస్తకాల్లో ఒకే అంకె రాసుకుంటే వచ్చే వారం తగాదా ఉండదు. గద్దించేవాడు కొలతలు తానొక్కడే తీసి, బిల్లులో కోత పెట్టి, అడిగినవాడికి అడ్వాన్సు గుర్తు చేస్తాడు. పాలమూరు కూలీలు దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టలు కట్టడానికి వలస వెళ్లిన కాలం నుంచి ఊళ్లోనే ముందుగా అడ్వాన్సు ఇచ్చి తీసుకువెళ్లడం మన దగ్గర తెలిసిన పద్ధతే. ఆ అప్పును చూపించి మనిషిని కదలనివ్వకపోవడం మాత్రం వెట్టి కిందికే వస్తుంది, దాన్ని నిషేధిస్తూ 1976లోనే చట్టం వచ్చింది.

తాగే నీరు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స పెట్టె సర్దిపెట్టడంలో భాగాలే. ఇవి ఉండాలని భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టమే చెప్పింది. యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పసిపిల్లలకు గది చూపించాలని కూడా ఆ చట్టంలో ఉండేది. చిన్న సైట్లలో అంతమంది ఉండరు. అయినా ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాలలో బిడ్డను పడుకోబెట్టుకున్న తల్లికి కాస్త నీడ చూపించడానికి చట్టం అవసరం లేదు. మే నెల ఎండల్లో ఆరు గంటలకే పని మొదలుపెట్టి, నడి మధ్యాహ్నం ఆపి, ఎండ తగ్గాక మళ్లీ అందుకోవడం గుంపుకూ పనికీ మంచిది.

సర్దిపెట్టేవాడు మెత్తని మనిషి అనుకుంటే పొరపాటు. స్లాబు గట్టిపడేదాకా కింద ఆనుగా నిలబెట్టే జాకీలు తీసే విషయం చూడండి. అద్దె షీట్లను వేరే సైటుకు పంపాలని ఆ షీట్లు, జాకీలు కట్టే సెంట్రింగ్ మేస్త్రీ తొందరపడతాడు. మామూలు సిమెంటుతో, మామూలు వాతావరణంలో స్లాబు ఆనే గోడల లేదా దూలాల మధ్య దూరం 4.5 మీటర్లలోపు ఉంటే 7 రోజులు, మించితే 14 రోజులు జాకీలు ఉంచాలని కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. ఆ గడువు దగ్గర ఎంత పరిచయం ఉన్నా ‘కుదరదు’ అని చెప్పాల్సిందే, తాగి పరంజా ఎక్కబోయేవాణ్ణి ఆ పూటకు ఇంటికి పంపాల్సిందే. ఈ మాటలు చెప్పడానికి గొంతు పెంచాల్సిన పని లేదు, కారణం చెబితే చాలు. మేస్త్రీకి ఆ కారణం చాలాసార్లు ముందే తెలిసి ఉంటుంది.

గద్దింపు రెండు మూడు రోజుల మోత పనికి పనికిరావచ్చునేమో గాని, ఏడాది సాగే కట్టడానికి ఎంచుకోదగ్గది రెండోదే. అందుకే కొత్త సైటుకు మనిషిని తీసుకునేటప్పుడు, ఇంతకుముందు ఎంతమందితో పని చేయించావని నేను అడగను. రేపటికి ఏం కావాలో మేస్త్రీని ఎన్ని గంటలకు అడుగుతావని అడుగుతాను. ‘పొద్దున వచ్చాక’ అనేవాడికి ఇంకొన్నాళ్లు వేరే సూపర్‌వైజరు కింద పని చూపిస్తాను.